ఊదా మూత గొట్టం

శంషాబాద్ బస్టాండ్ వెనుక సందులో రక్తం తీసే కేంద్రం తెరిచిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక షట్టరు గది, ఒక పాత ఫ్రిజ్, చేయి చాపి కూర్చునే కుర్చీ ఒకటి, రక్తాన్ని గిరగిరా తిప్పే యంత్రం ఒకటి, నగరంలోని ఒక పెద్ద ల్యాబు పేరున్న బోర్డు, మసర్రత్ అనే మనిషి. మొదటి అయిదూ నేను బేరమాడి తెచ్చుకున్నవి. మసర్రత్ మాత్రం బేరం లేకుండా వచ్చింది. పేపర్లో ప్రకటన చూసి, తన సర్టిఫికెట్లు తెచ్చి చూపించి, మర్నాడే పనిలో చేరింది. బేరం లేకుండా వచ్చిన సరుకు విలువ ఎవరూ సరిగ్గా కట్టరు. నేనూ కట్టలేదు.

నా పేరు నరసరాజు. మాది భీమవరం దగ్గర. అంతకుముందు నాది రొయ్యల వ్యాపారం. చెరువుల మీద కొని, ఐసులో పేర్చి, ఇక్కడి విమానాశ్రయం కార్గోకు చేర్చేవాణ్ణి. ఆ పని మీదే శంషాబాద్‌లో ఇల్లు తీసుకున్నాను. రెండు పంటలు వరసగా తెగులుకి పోయాక, సరుకు లేకపోయినా అలవాటుకొద్దీ కార్గో గేటు దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ణి. అక్కడ ఒకటి గమనించాను. లోడింగుకి వచ్చేవాడైనా, ట్రాలీలు తోసేవాడైనా, కాపలా కాసేవాడైనా, పనిలో పెట్టుకునే ముందు కాంట్రాక్టర్లు రక్తపరీక్ష అడుగుతున్నారు. కొందరు ఏడాదికోసారి మళ్లీ అడుగుతున్నారు. రొయ్య దొరకని ఏడాది ఉంటుంది గాని రక్తం దొరకని ఏడాది ఉండదనుకున్నాను.

మేము పరీక్షలు చేయం. రక్తం తీసి, గొట్టాల్లో నింపి, మధ్యాహ్నం వచ్చే ల్యాబు వ్యానుకి అప్పగిస్తాం. రిపోర్టు ల్యాబు నుంచి వస్తుంది. అంటే మా చేతిలో సరుకు ఉండేది నాలుగైదు గంటలు. ఆ నాలుగైదు గంటల్లో సరుకు చెడకుండా చూడటం నాకు కొత్తా? ఇరవై ఏళ్లు చేసిన పనే కదా అనుకున్నాను.

మొదటి వారంలోనే థర్మోకోల్ పెట్టె తెప్పించి, అడుగున ఐసు పొడి పోసి, గొట్టాలన్నీ అందులో నిలబెట్టాను. ఎండలో నగరం దాకా వెళ్లాలి మరి. మసర్రత్ మూత తీసి చూసి నెత్తి మీద చేయి పెట్టుకుంది.

"గిదేంది సార్? రక్తాన్ని ఐసుల పాతిపెట్టిన్రు?"

"పాడవకుండా ఉంటుందమ్మా. రొయ్య ఇలాగే మద్రాసు దాకా వెళ్లేది."

"రొయ్య సచ్చిపోయింది సార్. ఇది ఇంక బతికే ఉంది." గొట్టాలు ఒక్కొక్కటే బయటికి తీసి కిటికీ వెలుగులో చూసింది. "ఐసు తగిల్తే రక్తంల కణాలు పగుల్తయ్. లోపల ఉండాల్సింది నీళ్లలోకి దిగుతది. ల్యాబుల చూస్తే లేని రోగం కనవడ్తది. అర్ధగంట ఊకె నిలవెట్టాలె. గడ్డ కట్టినంక తిప్పాలె. గప్పుడు ఫ్రిజ్."

ఆ రోజు తొమ్మిది మందిని మళ్లీ పిలిపించి తీసింది. తప్పు నాదని వాళ్లకు చెప్పలేదు. "సల్లగయ్యింది అక్కా, ఇంకొకసారి ఇయ్యాలె" అని మాత్రం అంది.

ఆ తర్వాత ఫ్రిజ్ మీద పడింది. నా మజ్జిగ ప్యాకెట్లు రెండు అందులో ఉండేవి. వాటిని రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"రక్తం పక్కన పెట్టి తాగుతరా సార్?"

"మూత ఉంది కదమ్మా దానికి."

"మీ కడుపుకి ఏమైతదో మీ ఇష్టం. నా ఫ్రిజ్‌కి మాత్రం మంచిగ కాదు."

నా ఫ్రిజ్ అంది. నా డబ్బుతో కొన్న ఫ్రిజ్. అయినా ఊరుకున్నాను. ఎందుకంటే అప్పటికే జనం ఆమె పేరు చెప్పుకుని వస్తున్నారు. చేయి తుడిచాక స్పిరిటు ఆరేదాకా సూది పెట్టదు. తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టి తడమదు. ఒక్కొక్కరికీ కొత్త గ్లవుజులు. గొట్టాలు నింపటానికీ ఒక వరస ఉంది ఆమెకు: పసుపు మూతది ముందు, ఊదా మూతది తర్వాత. ఊదా గొట్టం అడుగున రక్తం గడ్డ కట్టకుండా మందు ఉంటుందట. సూది ముందు దాన్ని తాకి తర్వాత పసుపు గొట్టాన్ని తాకితే, ఆ చుక్క మందే రెండోదాన్ని పాడు చేస్తుందట. "దీంట్లది దాంట్లె పొయ్యద్దు, ఎన్నడు పొయ్యద్దు" అని నాకూ ఒకసారి చెప్పింది. విన్నాను. శుచీ శుభ్రం ఎక్కువున్న ఆడవాళ్లు ఇలాంటివి పది చెబుతారు, అందులో ఇదొకటి అనుకున్నాను.

ఇంకో అలవాటు ఉండేది. రోజూ చూసే మనిషైనా సరే, కుర్చీలో కూర్చోగానే పేరు అడిగేది. ఆ పేరు గొట్టం మీద రాసి, వాళ్లకే చూపించేది. పాల్మాకుల నుంచి వచ్చే మొగులయ్య దీని మీద ఎప్పుడూ గొడవ పడేవాడు. అతను కార్గోలో లోడర్. బీపీ మనిషి కనుక మూడు నెలలకోసారి వచ్చేవాడు.

"ఏందక్కా, నా పెండ్లాం కూడ ఇన్నిసార్లు నా పేరడగది."

"నీ పెండ్లాం నీ రక్తం తాగుతది అన్నా, గొట్టంల పొయ్యది గదా. పేరు చెప్పు."

"మొగులయ్య. రాసుకో. కింద అందగాడు అని గూడ రాయి."

గది నిండా నవ్వులు. అలా రెండేళ్లు నడిచింది. నా గల్లా మీద కూర్చుని ఆ నవ్వులు వింటుంటే ఇది నేను నడుపుతున్న వ్యాపారమే అనిపించేది.

అది ఒక మంగళవారం. ఏదో కొత్త కాంట్రాక్టు పడింది. ఉద్యోగాలకొచ్చిన వాళ్లు పదిహేను మంది పరగడుపున మెట్ల మీద బారు కట్టారు. వాళ్ల మధ్యలోంచి మొగులయ్య దూరి వచ్చాడు. ఈసారి బీపీ కోసం కాదు.

"అక్కా, జర జల్ది. శనివారంతోని నా ఎయిర్‌పోర్టు పాసు అయిపోతది. ఈ రిపోర్టు మంచిగొస్తేనే కొత్త పాసుకి రాస్త అన్నడు మా పాండు సారు. అవతల బస్సు నిలవడ్డది."

పాండు అంటే అతని కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. పాసు లేకపోతే కార్గో గేటు దాటనివ్వరు. గేటు దాటకపోతే పదకొండేళ్ల ఉద్యోగం అక్కడితో సరి. ఇంట్లో భార్య అమృతమ్మ, చదువుకునే పిల్లలిద్దరు.

మసర్రత్ సూది పెట్టింది. ఆ రోజు అతని నరం సరిగ్గా దొరకలేదు. పసుపు గొట్టంలో అడుగున రెండు వేళ్ల మందం పడి ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి, ఊదాది తగిలించి సూది కొంచెం జరిపితే మళ్లీ వచ్చింది. ఊదా గొట్టం మెడ దాకా నిండింది. పసుపుది కొరతగానే ఉంది, ఇంతలో నరం ఉబ్బింది.

"పది నిమిషాలు కూసో అన్నా. నీళ్లు తాగు. ఇంకో చేతికి తీస్త" అంది.

అదే సమయానికి మెట్ల మీద ఒకడు కళ్లు తేలేసి పడిపోయాడు. పరగడుపున వచ్చిన కుర్రాళ్లు అలా పడుతూనే ఉంటారు. మసర్రత్ బయటికి పరిగెత్తింది. హారన్ మోగింది. మొగులయ్య నా వైపు చూశాడు.

"సేటూ, బస్సు పోతది. సాలదా గది?"

ఆ నెలలో అప్పటికే ల్యాబు వాళ్లు మావి రెండు గొట్టాల్లో రక్తం తక్కువ పడిందని వెనక్కి పంపారు. మూడోది వస్తే తనిఖీకి మనిషిని పంపుతామన్నారు. తనిఖీ వస్తే ఏమవుతుందో వ్యాపారం చేసేవాడికి చెప్పక్కర్లేదు.

"వెళ్లు, సరిపోతుంది" అన్నాను.

అతను వెళ్లాడు. బల్ల మీద రెండు గొట్టాలు. ఒకటి నిండుగా, ఒకటి కొరతగా. రెండూ ఒకే మనిషి రక్తం, ఒకే చేతిలోంచి, ఒకే నిమిషంలో వచ్చింది. రొయ్యల కాటా దగ్గర ఇరవై ఏళ్లు నేను చేసింది ఇదే. తూకం తగ్గిన ట్రేలోకి నిండు ట్రేలోంచి నాలుగు రొయ్యలు వేసి సరిచేస్తాం. అది మోసం కాదు, ఒకే చెరువు సరుకు. ఎవడికీ నష్టం లేదు. ఊదా మూత తీశాను, పసుపు మూత తీశాను, గీత దాకా పోశాను, మూతలు పెట్టాను. తలుపు వైపు ఒకసారీ చూడలేదు. తప్పు చేస్తున్నాననుకుంటే కదా చూడటానికి.

మసర్రత్ లోపలికి వచ్చేసరికి ఆ గొట్టం మిగతా గొట్టాలతో కలిసి యంత్రంలో తిరుగుతోంది.

"మొగులయ్యన్న ఏడి?"

"సరిపోతుందని వెళ్లిపోయాడమ్మా."

"సరిపోదు సార్. ల్యాబోళ్లు వాపస్ చేస్తరు."

"చేస్తే చేస్తారు. అప్పుడు పిలుద్దాం."

ఇంకా పద్నాలుగు మంది మెట్ల మీద ఉన్నారు. ఆమె మళ్లీ కుర్చీ దగ్గరికి వెళ్లింది. యంత్రం ఆగాక గొట్టాలు తీసి వ్యానుకి అప్పగించింది నేనే.

బుధవారం మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోన్. మొగులయ్య పొటాషియం తొమ్మిది దాటిందని, అయిదు దాటితేనే ఎక్కువని, గుండె ఆగిపోవచ్చని, వెంటనే ఆసుపత్రికి పంపమని. రిపోర్టు అప్పటికే కాంట్రాక్టరు ఆఫీసుకు మెయిల్‌లో వెళ్లిపోయింది. పాండు అతన్ని గేటు దగ్గరే ఆపి, "నీ కిడ్నీలు ఖరాబైనయంట, ఇంటికి పో" అన్నాడట. పది మంది ముందు.

గురువారం పొద్దున్నే అమృతమ్మ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"రాత్రంత దవాఖానల రొమ్ముకు వైర్లు వెట్టి పండవెట్టిన్రు. సచ్చిపోతడని పిల్లలను బడికెల్లి పిలిపిచ్చిన. మళ్ల రక్తం తీసి చూసి, పొద్దుగాల్ల డాక్టరమ్మ ఏం లేదు పో అంటది. ఏంది సేటూ గిది? ఉన్నట్టా లేనట్టా?"

కొంగున ముడేసిన చీటీ తీసి మసర్రత్ చేతిలో పెట్టింది. దవాఖానలోని డాక్టరు రేఖ రాసింది. ఆమె మా రిపోర్టు కూడా చూసింది. పొటాషియం ఇంత పెరిగి, క్యాల్షియం అంత పడిపోయిన మనిషి నడుచుకుంటూ రాలేడని, ఇది ఊదా మూత గొట్టంలోని రక్తం పసుపు గొట్టంలో కలిసినప్పుడు వచ్చే లెక్క అని, ఊదా గొట్టం అడుగున ఉండే మందే పొటాషియం ఉప్పని, రిపోర్టు వెనక్కి తీసుకోవాలని రాసింది.

మసర్రత్ చీటీ రెండుసార్లు చదివింది. తర్వాత నా వైపు చూసింది. 

"ఆ కాయితం తప్పని ల్యాబోళ్లే రాసియ్యాలంట" అంది అమృతమ్మ. "గప్పుడే పాసుకి రాస్తడంట పాండు సారు. ఎల్లుండి శనివారం. నీ కాళ్లు మొక్కుత సేటూ."

ఆమెను పంపించి ల్యాబుకి ఫోన్ చేశాను. అక్కడి అధికారి మాట సూటిగా ఉంది. రక్తం ఎవరు కలిపారో వాళ్లు పేరు రాసి సంతకం పెడితే గంటలో రిపోర్టు రద్దు చేస్తాం. ఎవరో తెలియదంటే విచారణ వేస్తాం, పదిహేను రోజులు పడుతుంది. కేంద్రం యజమానే కలిపి ఉంటే ఒప్పందం ఆ రోజే రద్దు, బోర్డు తీసేయాలి.

ఫోన్ పెట్టేసి షట్టరు సగం దించాను. మసర్రత్ చేతులు కడుక్కుంటోంది. చాలాసేపు కడిగింది.

"నేనైతే పొయ్యలే" అంది వెనక్కి తిరగకుండా.

"తెలుసు."

"ఈ గదిల ఇంకెవ్వరు లేరు."

"మీరు చెప్పారు, నాకు గుర్తులేదమ్మా. ఒకే మనిషి రక్తం కదా అనుకున్నాను."

"నేను ఒక్కసారే చెప్పిన. పదిసార్లు చెప్పాలె, తప్పు నాదే." ఆ మాటలో వెటకారం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "ఏం రాస్తున్రు ల్యాబుకి?"

 నా మనసులో లెక్క నడుస్తోంది. నిజం రాస్తే మొగులయ్యకు పాసు, నాకు షట్టరు మూత. తెలియదని రాస్తే నాకు షట్టరు, మొగులయ్యకు పదిహేను రోజులు. పాసుకి ఉన్నది రెండు రోజులు. ఎంత కూడినా రెండూ ఒక వైపు పడటం లేదు.

ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరు రాస్తే దుకాణం పోతది. నేను రాస్తే నౌకరీ ఒక్కటే పోతది. గంతే గదా మీరు జేస్తున్న లెక్క?"

నేను తల దించుకున్నాను.

"కాయితం ఇయ్యిన్రి. నేనే పోసిన అని రాస్త."

"అమ్మా, అలా కాదు..."

"మీ కోసం కాదు సార్. ఆయన నా కుర్చీల కూసున్నడు. రెండోసారి తీస్త అని చెప్పి నేను బయటికి ఉరికిన. పదకొండేండ్ల నౌకరీ ఆయనది. ఇయ్యిన్రి జల్ది, మీరు మంచోడు కావాలని ఇంక ఆలోచన చేస్తే శనివారం దాటుతది."

కాగితం ఇచ్చాను. కాదనటానికి నాకు ఒక నిమిషం టైము ఉంది. గోడ గడియారం చూస్తూ ఆ నిమిషం గడిపాను. ఆమె రాసింది, సంతకం పెట్టింది, నాకు చూపించింది, గొట్టం మీద పేరు చూపించినట్టే. "చదువుకోన్రి. తప్పు లేదు గదా?"

మూడు నెలల జీతం ఇవ్వబోయాను. పంతొమ్మిదో తారీకు దాకా అయిన రోజులు లెక్కగట్టి, అంతవరకే తీసుకుంది. ఆటో నడిపే భర్త మంజూర్ వచ్చి బయట నిలబడ్డాడు. అతను నన్ను పలకరించలేదు. వెళ్లే ముందు ఆమె ఫ్రిజ్ తెరిచి, లోపలి వేడి చూపే ముల్లు ఎక్కడుందో చూసి, మళ్లీ మూసింది.

గంటలో రిపోర్టు రద్దయింది. ఆ ల్యాబు కేంద్రాల్లో ఎక్కడా ఆమెను పెట్టుకోవద్దని కూడా అదే మెయిల్‌లో రాశారు. శుక్రవారం మొగులయ్య పాసుకి పాండు రాశాడు.

తర్వాతి వారం మొగులయ్య జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చాడు. కుర్చీలో కొత్త మనిషి ఉంది. ఆమె పేరు అడగలేదు.

"నువ్వు లేకుంటే నా బతుకు ఆగమయ్యేది సేటూ. ల్యాబోళ్లతోని కొట్లాడి రాపిచ్చినవట గదా. ఆమె, మసర్రతు... ఎంత నమ్మిన! పేరు పేరు అని పానం తింటుండె, లోపల చేసేది గీ పని. మంచిగ ఎల్లగొట్టినవ్."

కొత్తామె, బయట కూర్చున్న వాళ్లు అందరూ వింటున్నారు. ఒక్క మాట చాలు. ఆ మాటకి బోర్డు ఖరీదు ఉంది. జిలేబీ ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను. "పాత సంగతులు ఎందుకులే మొగులయ్యా" అన్నాను. ఇది విని అతను నన్ను ఇంకా పెద్దమనిషిని చేశాడు.

ఇది జరిగి మూడేళ్లు. పక్క షట్టరు కూడా తీసుకున్నాను. ఇప్పుడు రెండు ఫ్రిజ్‌లు, రెండింటిలోనూ రక్తం తప్ప ఇంకేదీ ఉండదు. ఆమె చెప్పినవన్నీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: స్పిరిటు ఆరాలి. తుడిచిన చోట తాకొద్దు. పసుపు ముందు, ఊదా తర్వాత. ఒకదానిలోది ఇంకోదానిలో ఎన్నడూ పోయొద్దు. పేరు అడగాలి, రాసి చూపాలి. పోయిన ఏడాది ల్యాబు వాళ్లు వచ్చి చూసి, ఇంత శుభ్రంగా ఉన్న కేంద్రం ఇంకోటి లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. అద్దం కట్టించి నా కుర్చీ వెనక తగిలించాను. కుర్చీలో మనుషులు మాత్రం నిలవరు. ఇప్పటికి అయిదుగురు మారారు. నేను గల్లా మీద ఉన్నంతసేపూ గోడ మీద రాసింది చేస్తారు. నేను భోజనానికి లేస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. నేనేం చేశానో నాకు గుర్తుంది కనుక.

నాకు ఈ మధ్య షుగరు వచ్చింది. మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలి. రెండు షట్టర్ల సొంత దుకాణం ఉన్నా, పరగడుపున బస్సెక్కి షాద్‌నగర్ వెళ్తాను. అక్కడ మార్కెట్ పక్కన, మెట్ల కింద ఒక చిన్న ల్యాబులో మసర్రత్ పని చేస్తోంది. మొదటిసారి వెళ్లినప్పుడు తిడుతుందేమో అనుకున్నాను. ఒకవేళ తిడితే, జరిగింది మొగులయ్యకు చెప్పేస్తానని చెబుదామని బస్సులో మాట కూడా కట్టుకున్నాను. ఆమె తిట్టలేదు. నేను చెప్పలేదు. అలా నాలుగుసార్లు వెళ్లొచ్చాను.

కుర్చీలో కూర్చోగానే కొత్త గ్లవుజులు తొడుక్కుంటుంది.

"పేరు చెప్పండి."

"నరసరాజు."

"వయసు?"

"యాభై తొమ్మిది."

తుడుస్తుంది. ఆరేదాకా ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ నా ముఖం చూడదు, చేయి చూస్తుంది. సూది నొప్పి తెలియదు. గొట్టం గీత దాకా నింపుతుంది, ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. పేరు రాసి నా ముందు పెడుతుంది.

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఆరు. ఇప్పుడు లెక్క వేస్తే రెండు షట్టర్లు, రెండు ఫ్రిజ్‌లు, రెండు కుర్చీలు, తిప్పే యంత్రం, బోర్డు, అద్దం కట్టిన సర్టిఫికెట్. ఎనిమిది వస్తువులు, ఒక కాగితం. వీటిల్లో ఏ ఒక్కదానికీ నా రక్తం అప్పగించను.